కడుపులో దాచుకునే చదువు, కాగితం మీద పెట్టే చదువు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది పర్లాకిమిడి. బరంపురంలో హాస్టల్లో ఉండి ప్లస్ త్రీ (ఇక్కడ డిగ్రీని అలాగే అంటారు) ఆఖరి సంవత్సరం చదువుతున్నాను, ఎడ్యుకేషన్ ఆనర్స్. ఇంట్లో తెలుగే గానీ చదువంతా ఒడియా మీడియం. తెలుగు చదవగలను, రాస్తే తప్పులు పోతాయి (ఈ ఉత్తరం మా అత్త కూతురు దిద్దింది). నాన్నకు కిరాణా కొట్టుంది. హాస్టల్లో అందరూ తమ కష్టాలు నాకే చెప్పుకుంటారు, నువ్వు కౌన్సెలర్‌వి అయిపో అంటారు. ఇక్కడొక సంస్థ వాళ్లు కౌన్సెలింగూ కమ్యూనికేషన్ స్కిల్సూ కలిపి మూడు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు, ఫీజు 42,000. నాకేమో రాయడమన్నా రేడియో అన్నా ప్రాణం. మాస్ కమ్యూనికేషన్ చేస్తానంటే మా అన్నయ్య "రీల్స్ చేసుకోడానికి రెండేళ్ల చదువెందుకు" అంటాడు. ఇంకొక సంగతి. పోయిన ఏడాది నా రూమ్మేటు తన ఇంటి సంగతి నాతో చెప్పుకుని ఏడ్చింది. పేరు మార్చి దాన్ని కథగా రాసి వార్షికోత్సవంలో చదివాను. చదువుతుంటే హాలంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. మొదటి బహుమతి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. పేరు మార్చాను కదా మేడమ్! నేను ఏ కోర్సు చేయాలి?
(పేరు వద్దు, బరంపురం)

జవాబు: అమ్మాయీ, పేరు వద్దన్నావు, వేయలేదు. నీ రూమ్మేటు ఇంటి సంగతి కూడా ఆరు లైన్లు రాశావు, వాటిని నేనే కొట్టేశాను. అవి అచ్చయితే ఆమె పేరు లేకపోయినా మీ హాస్టల్లో వంట చేసే ఆవిడ కూడా ఇట్టే పోల్చేస్తుంది.

కోర్సుల సంగతి చెబుతాను గానీ, నువ్వు ఉత్తరం చివర్లో "ఇంకొక సంగతి" అని పెట్టినదే నాకు అసలు సంగతిలా కనిపించింది. అందుకే దానితో మొదలుపెడతాను.

నాకు పాతికేళ్లప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఒక పత్రికకు విలేకరిగా ఉండేదాన్ని. మీ పర్లాకిమిడి పక్కనే ఉన్న పాతపట్నంలో, బస్టాండు దగ్గర, ఒకావిడ పరిచయమైంది. భర్త సూరత్ వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఈవిడ మిషను కుట్టుకుని పిల్లల్ని పెంచుకుంటోంది. గంటసేపు మాట్లాడింది. మర్నాడు జిల్లా ఎడిషన్లో బాక్సు కట్టి వేశారు. నేను పేరు వేయలేదు. ఊరి పేరు, ముగ్గురు ఆడపిల్లలు, కుట్టు మిషను, సూరత్ మాత్రం వేశాను. రెండు రోజుల తర్వాత ఆవిడ ఆఫీసుకే వచ్చింది. తిట్టలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు కూడా. సంచిలోంచి మడత పెట్టిన పేపరు తీసి నా బల్ల మీద పెట్టి, "పేరెయ్యనేదు గదమ్మా, మరి మా వూరంతటికీ ఎలగ తెలిసిపోనాది?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ ఊళ్లో మిషను కుట్టే మనిషి ఆవిడొక్కతే అని నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

నువ్వు చేసిందీ అదే. కావాలని చేయలేదు, నేనూ కావాలని చేయలేదు. కాకపోతే నీకు బహుమతి కూడా వచ్చింది, అందుకే ఇంకా "పేరు మార్చాను కదా" దగ్గరే ఆగిపోయావు.

కౌన్సెలింగ్, మీడియా రెండూ మాటల చదువులే, రెండింటికీ వినడం రావాలి. అందుకే ఆ సంస్థ వాళ్లు రెండింటినీ ఒకే పొట్లంలో కట్టి అమ్మగలుగుతున్నారు. కానీ విన్న తర్వాత ఏం చేస్తావన్న దగ్గర రెండూ రెండు దారులు. కౌన్సెలర్ విన్నది కడుపులో దాచుకోవాలి. విలేకరి విన్నది నలుగురికీ చెప్పాలి, చెప్పకపోతే జీతం దండగ. మన దేశంలో ఈ తేడా చట్టంలోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తీసి చూడు. 23వ సెక్షన్ చికిత్స పొందే మనిషి వివరాలు గోప్యంగా ఉంచమంటుంది. 24వ సెక్షన్ ఆస్పత్రిలో చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ మరే సమాచారం గానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదంటుంది. నువ్వు వెళ్లాలనుకుంటున్న రెండు వృత్తులూ ఎదురెదురుగా నిలబడేది ఆ గీత దగ్గరే.

కౌన్సెలర్‌కైనా అన్ని రహస్యాలూ దాచే వీల్లేదనుకో. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే చెప్పనివాళ్ల మీదే కేసు. ఎదుటివాళ్లు ప్రాణం తీసుకునేలా ఉన్నా నోరు మూసుకు కూర్చోకూడదు. ఎక్కడ దాచాలి, ఎక్కడ చెప్పాలి, చెప్పబోయే ముందు ఎదుటి మనిషితో ఏమనాలి, ఇవన్నీ నేర్పేదే కౌన్సెలింగ్ చదువు. హాస్టల్లో స్నేహితురాలి తల నిమిరి ఓదార్చడం మంచి గుణం, దాన్ని చదువు అనలేం.

ఇక ఆ 42,000 సంగతి. కట్టొద్దు. మూడు నెలల్లో వినడంలో కాస్త మెళకువ రావచ్చు, కాదనను. కానీ ఆ కాగితం పట్టుకుని వెళ్తే కొలువు దగ్గర ఎవరూ లెక్క చేయరు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి వాళ్ల రిజిస్టర్లో పేరు ఎక్కించుకోవాలి (1992 చట్టం). ఉత్త ఎంఏ సైకాలజీ కూడా దానికి చాలదు, ఆ పైన బెంగళూరు నిమ్‌హాన్స్ లాంటి చోట ఇంకో చదువుంటుంది. మిగతా సైకాలజిస్టుల్నీ కౌన్సెలర్లనీ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందకి తెచ్చారు.

దీనికి సంబంధించి నువ్వు తప్పకుండా తెలుసుకోవాల్సినది ఇంకొకటుంది. నిన్నమొన్నటి దాకా మన వైపు అమ్మాయిలు చాలామంది ఇంట్లోనే ఉండి, ఇగ్నోలాంటి చోట దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసేవారు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్లోనూ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. కనుక ఎవరైనా "ఇంట్లోనే ఉండి ఎంఏ సైకాలజీ చేసేయొచ్చు" అని వల వేస్తే డబ్బు తీయకు. కాలేజీకి వెళ్లి చదవాల్సిందే. డిగ్రీలో సైకాలజీ లేని నీలాంటివాళ్లను చేర్చుకుంటారా లేదా అన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది, ఆ ఏటి ప్రాస్పెక్టస్ చూసుకోవాలి. ఏ డిగ్రీ అయినా చాలు అనే దారి ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్. కౌన్సెలర్ పోస్టులకు చాలాచోట్ల సైకాలజీతో పాటు దాన్నీ అడుగుతారు.

ఆ పోస్టులెక్కడ అంటావేమో. ప్రభుత్వాస్పత్రిలో హెచ్ఐవీ పరీక్షల కేంద్రం, ఒడిశాలో కౌమార పిల్లల కోసం నడిపే శ్రద్ధా క్లినిక్‌లు, హింసకు గురైన ఆడవాళ్లకు అండగా ఉండే సఖి కేంద్రాలు, ఫ్యామిలీ కోర్టులు, 2022 అక్టోబర్లో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ (14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు). చాలావరకు కాంట్రాక్టు కొలువులే. అది తెలిసే దిగాలి.

మన ఇళ్లలో ఇదొకటి. కౌన్సెలింగ్ చదువుతానంటే "సీటెక్కడొచ్చింది" అని అడుగుతారు. మనవాళ్లకు తెలిసిన కౌన్సెలింగ్ ఇంజినీరింగ్ సీట్లు పంచే కౌన్సెలింగ్ ఒక్కటే. మీ నాన్నగారికి చెప్పేటప్పుడు ఈ ముక్క గుర్తుంచుకో.

ఆ క్లాసు ఎలా ఉంటుందో చెబుతాను విను. మా మేనకోడలు చదువుతున్నప్పుడు ఒకసారి తన రికార్డు పుస్తకం చూపించింది. ముగ్గురేసి కూర్చోబెడతారట. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి, మూడోవాళ్లు ఇద్దర్నీ గమనించాలి. తర్వాత జరిగిన మాటలన్నీ పొల్లు పోకుండా రాసి మేడమ్‌కి ఇవ్వాలి. దాని పుస్తకంలో పేజీకి నాలుగు చోట్ల ఎర్రసిరా గీతలు. "అయ్యో బాధపడకు" అన్నచోట ఒక గీత. "నేనైతే ఏం చేసేదాన్నంటే" అన్నచోట రెండు గీతలు. "మా అత్తయ్యకీ ఇలాగే అయింది" అన్నచోట గీత కాదు, ఏకంగా అడ్డంగా కొట్టేశారు. ఎదుటిమనిషి ఏడుస్తుంటే ఏమీ అనకుండా కూర్చోవడం నేర్చుకునేసరికి దానికి రెండు సెమిస్టర్లు పట్టింది. విన్నదాన్ని మంచి వాక్యంగా మార్చాలన్న దురద ఉన్నవాళ్లకు అది పెద్ద శిక్ష. నీకు ఆ దురద ఉందో లేదో చెప్పక్కర్లేదనుకుంటా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రూమ్మేటు ఏడ్చిందని రెండు మాటల్లో రాసి, హాలు నిశ్శబ్దమైపోయిన సంగతి సూదితో సహా రాశావు. తప్పు పట్టడం లేదు, రాసేవాళ్ల బుద్ధి అలాగే ఉంటుంది, నాదీ అంతే. కానీ అది చూశాక నిన్ను కౌన్సెలింగ్ వైపు పంపడానికి నా చేయి ఆడటం లేదు. మీడియా వైపే వెళ్లు.

దానికి ఊరు దాటక్కర్లేదు. నువ్వుంటున్న బరంపురంలోనే, భంజ విహార్‌లో, 1967లో పెట్టిన యూనివర్సిటీ ఉంది. అందులో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ విభాగం ఉంది. ఒడిశా ప్రభుత్వ యూనివర్సిటీల పీజీ సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. కోరాపుట్‌లోని సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఈ కోర్సుంది, దానికి సీయూఈటీ పీజీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. అదే పరీక్షతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎంఏకీ ప్రయత్నించొచ్చు. అక్కడ విద్యార్థులు నడిపే క్యాంపస్ రేడియో ఉంది, కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం కూడా ఉంది. రేడియో ప్రాణం అన్నావు కనుక నీకు దాని మీదే ఆశ పెట్టుకోమంటాను. ఒడియాలో రాస్తే చేయి తిరిగినదానివి కాబట్టి ఢెంకనాల్‌లోని ఐఐఎంసీ (కేంద్ర ప్రభుత్వ జర్నలిజం విద్యాసంస్థ) కూడా చూడు, అక్కడ ఒడియా జర్నలిజం డిప్లొమా ఉంది. సీయూఈటీ పీజీ మామూలుగా మార్చిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు రెండు మూడు నెలల ముందే పిలుస్తారు. ప్లస్ త్రీ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే బండి వెళ్లిపోతుంది.

మీ అన్నయ్యకు జవాబు కావాలంటే ఇది చెప్పు. రీల్‌కు పక్కింటావిడ ముఖం పెట్టొచ్చా, ఆత్మహత్య వార్తలో ఎలా చనిపోయారో రాయొచ్చా, పోక్సో కేసులో బడి పేరు వేయొచ్చా, పరువునష్టం ఎక్కడ మొదలవుతుంది, వీటికి జవాబులు ఫోన్లో ఉండవు. ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లో నియమాలు పెట్టింది, ఎన్ని పేపర్లు పాటిస్తున్నాయో రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ రెండేళ్లలో నీకు పనికొచ్చే పేపరు మీడియా చట్టాలూ నీతీ చెప్పేదే. పిల్లలు కెమెరా క్లాసుకు పరిగెత్తి దీన్ని ఎగ్గొడతారు. నువ్వు ఎగ్గొట్టకు.

తెలుగు రాయడం రాదన్న బెంగ గురించి. పర్లాకిమిడి పిల్లవై ఉండి ఈ మాట అనడం నాకు నవ్వు తెప్పించింది. గిడుగు రామమూర్తి గారు 1880లో రాజావారి బళ్లో మేష్టరుగా చేరింది మీ పర్లాకిమిడిలోనే. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని కొట్లాడిన మనిషి. అంతకంటే ముందు, కొండ మీది సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బు పెట్టుకున్న మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఒత్తులు, దీర్ఘాలు ఆరు నెలలు రోజూ ఒక పేజీ పేపరు చూసి రాస్తే వచ్చేస్తాయి. పొద్దున్నే పైకి చదువు, సాయంత్రం అదే వార్తను పేపరు మూసేసి నీ మాటల్లో రాయి. ఈనాడు, సాక్షి లాంటి పత్రికల జర్నలిజం స్కూళ్లు పెట్టే పరీక్షకు ఇప్పుడే వెళ్లకు, అక్కడ రాతలో తెలుగు గట్టిగా చూస్తారు. రెండేళ్లాగి వెళ్తే నీ దగ్గర వాళ్లకు దొరకనిది ఉంటుంది.

అదేమిటంటావా? తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతావు. నాన్న కొట్టుకు కొండ దిగి వచ్చే సవరలతో బేరాలాడే ఉంటావు, అంకెలన్నా వచ్చే ఉంటాయి. రాకపోతే ఇప్పుడు నేర్చుకో. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను గుర్తుందా? పలాస దగ్గర తీరం దాటి, అటు శ్రీకాకుళం తోటల్నీ ఇటు మీ గజపతి జిల్లా కొండల్నీ ఒకే దెబ్బకు పడగొట్టింది. కొండచరియలు విరిగి మీ జిల్లాలో జనం పోయారు. అప్పుడు గాలివాన ఒకటే. వార్తలు మాత్రం సరిహద్దుకు అటు వైపువి తెలుగులో, ఇటువైపువి ఒడియాలో. రెండూ చదివి, మూడో భాషవాళ్లకు "రేపు రాత్రికి కొండవాలు ఇళ్లలో పడుకోకండి" అని వాళ్లకర్థమయ్యేలా చెప్పగలిగే మనిషి ఎంత అవసరమో ఆలోచించు. అలా చెప్పడం కూడా కమ్యూనికేషన్ కోర్సులో ఒక భాగమే, డెవలప్‌మెంట్ కమ్యూనికేషన్ అంటారు. టీకాలు, తుఫాన్లు, బాల్యవివాహాలు, మలేరియా, ఇలాంటి వాటి మీద ఆరోగ్య శాఖలోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ పనులుంటాయి. నీకున్న వినే గుణమూ రాసే గుణమూ రెండూ పనికొచ్చేది అక్కడే. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు. అందులో వినిపించేది వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే తెలుగే. వీలు చేసుకుని ఒకసారి వెళ్లి కూర్చుని చూడు, క్లాసులో చెప్పనివి కొన్ని తెలుస్తాయి.

జీతాల గురించి దాచను. మన సరిహద్దు ఊళ్లలో విలేకరులు చాలామంది లైన్ అకౌంట్ మీద బతుకుతున్నారు, ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని లైన్లకే డబ్బు. కొందరికి అదీ లేదు, కార్డు ఇచ్చి యాడ్లు తెమ్మంటారు. అలాంటి పనికి ఒప్పుకోకు. డెస్కు, రేడియో, లేదంటే నేను పైన చెప్పిన ఆరోగ్య ప్రచారం పని, ఈ మూడింట్లో ఏదో ఒకటి చూసుకో. నాన్నగారికి కూడా ఉన్నదున్నట్టు చెప్పు, టీవీలో కనిపిస్తానని చెప్పకు.

ఆ అమ్మాయి సంగతి. ఒక్కదానివే వెళ్లు, నలుగురిని వెంటేసుకుని పంచాయితీ పెట్టకు. పేరు మార్చాను అన్న మాట ఎత్తకు. కథ కాగితాలు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టు. ఫోన్లో వీడియో ఉంటే ఆమె ముందే తీసెయ్. కాలేజీ మ్యాగజైన్‌కి గానీ ఇచ్చి ఉంటే ముందు అది వెనక్కి తీసుకుని, ఆ తర్వాత వెళ్లు. "నిన్నడక్కుండా రాశాను" అని ఒక్క మాట చెప్పి ఆగు. ఆమె ఏమీ అనకపోవచ్చు. లేచి వెళ్లిపోవచ్చు. నువ్వు మాత్రం సర్దిచెప్పడానికి వెంటపడకు. పాతపట్నం ఆవిడ నా బల్ల మీద పేపరు పెట్టి వెళ్లిపోయాక నేను బస్టాండు దాకా వెనకే పరిగెత్తాను. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు, తిరగనక్కర్లేదు కూడా.

ఆ సంస్థకు అడ్వాన్సు ఏమైనా కట్టావో లేదో రాయలేదు. కట్టి ఉంటే రసీదు పారేయకు. ఫీజు వాపసు నోటితో కాదు, కాగితం మీద అడిగి ఒక కాపీ మీద వాళ్ల సంతకం తీసుకో. ఇవ్వమని మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్.